గుంటూరులో మమ్మల్ని మోసిన సంఘానికి వందనాలు

అందరికీ వందనాలు. నిన్న సాయంత్రం మా వారిని డిశ్చార్జ్ చేశారు. అంబులెన్స్‌లో పడుకోబెట్టి ఒంగోలు తీసుకొచ్చాం. ఆయన ఇప్పుడు పక్క గదిలో నిద్రపోతున్నారు. నాకే నిద్ర పట్టడం లేదు, మానిటర్ చప్పుడు ఇంకా చెవుల్లోనే ఉంది. రేపటి నుంచి ఫిజియోథెరపీ, మందులు, పిల్లల బడి అన్నీ మొదలైతే మళ్లీ తీరిక దొరకదని ఇప్పుడే రాయడానికి కూర్చున్నా.

చాలామంది ఏమైందని ఫోన్లు చేశారు, ఎవరికీ సరిగా చెప్పలేకపోయాను. ఆయనకు వచ్చింది గిలియన్ బారే సిండ్రోమ్. జీబీఎస్ అంటారు. 2025 మొదట్లో పుణేలో, ఆ తర్వాత మన గుంటూరులో వార్తల్లోకొచ్చిన జబ్బే. ముందు విరేచనాలయ్యాయి, తగ్గిపోయాయి. కొన్నాళ్లకు పాదాల్లో తిమ్మిర్లు మొదలయ్యాయి. తర్వాత మెట్లెక్కలేకపోయారు, ఆ తర్వాత గ్లాసు పట్టుకోలేకపోయారు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే నరాల మీద దాడి చేస్తుందని, కాళ్ల దగ్గర మొదలై పైకి పాకుతుందని డాక్టరుగారు చెప్పారు. మా వారికి ఊపిరి తీసుకునే కండరాల దాకా పాకింది. వెంటిలేటర్ పెట్టారు. ఈ జబ్బులో తెలివి పోదు. అన్నీ వినబడుతుంటాయి, అర్థమవుతుంటాయి, కదలడమే ఉండదు. ఆయన కళ్లు నా వైపు తిరిగేవి. ఆ కళ్లలోకి చూసి ధైర్యం చెప్పడానికి నా దగ్గర మాట ఉండేది కాదు.

అన్నయ్య, వదిన, మరిది పొలం కాగితాలు పెట్టి డబ్బు తెచ్చారు. పిల్లలను అత్తయ్యగారు చూసుకున్నారు. మనవాళ్లు, వాళ్లకు థాంక్స్ చెబితే కోప్పడతారు.

నేను రాయాలనుకున్నది ఒక పెద్దమ్మగారి గురించి. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. ఆస్పత్రికి దగ్గర్లోని లూథరన్ సంఘంలో స్త్రీల సమాజం సభ్యురాలు. ఎక్కడో ఆయాగా పనిచేసి రిటైరయ్యారు. భర్త లేరు, ఒక్కరే ఉంటారు. ఆ సమాజం వాళ్లు సాయంత్రాలు ఫ్లాస్కుల్లో పాలు, క్యాన్లలో జావ పట్టుకుని ఐసీయూ బయట కూర్చున్న వాళ్ల దగ్గరికి వస్తారు. కావాలన్న వాళ్లకు ప్రార్థన చేస్తారు, వద్దన్న వాళ్లకు జావ ఇచ్చి వెళతారు. మొదటిసారి వచ్చినప్పుడు నేను తలెత్తి కూడా చూడలేదు. చిన్నప్పటి నుంచి మందిరంలో పెరిగినదాన్ని, సండే స్కూల్లో పాఠాలు చెప్పినదాన్ని, ఆ రోజుల్లో మాత్రం నోట ఒక్క ప్రార్థన రాలేదు. ప్రభువా అనడం, ఆగిపోవడం.

మర్నాడు పొద్దున్నే ఆమె ఒక్కరే వచ్చారు. వెంట సంఘంలో ఒక కుర్రాడు మాత్రం ఉన్నాడు. నా పక్కన కూర్చుని, "ఏమ్మా, నీళ్లు పోసుకుని ఎన్నాళ్లయింది?" అన్నారు. అందరూ మా వారి గురించే అడుగుతున్నారు, అడగాలి కూడా. నా గురించి అడిగింది ఆమె ఒక్కరే. ఏం చెప్పాలో తెలియక ఊరుకున్నాను. "ఈ అబ్బాయి నీ కుర్చీలో కూర్చుంటాడు. పిలుపొస్తే ఫోన్ చేస్తాడు. రా" అని చెయ్యి పట్టుకుని లేపారు.

రెండు గదుల ఇల్లు. కట్టెల పొయ్యి మీద నీళ్లు కాగుతున్నాయి, అంటే నన్ను పిలవడానికి వచ్చే ముందే పెట్టి వచ్చారన్నమాట. నాకు చేతులు పైకెత్తే ఓపిక లేకపోతే తనే తలంటు పోశారు. కుర్చీలో నిద్రకు జుట్టంతా చిక్కులు కట్టి ఉంది. వెనక పీట వేసుకుని, కొబ్బరినూనె రాసి, చివళ్ల నుంచి ఒక్కో చిక్కూ విడదీశారు. ఒక్కసారి కూడా నొప్పి పుట్టలేదు. తర్వాత పెట్టెలోంచి తెల్ల చీర తీసిచ్చారు. సన్న నీలం అంచు, గంజి పెట్టి ఇస్త్రీ చేసింది. మా వైపు కూడా ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధన, ఉన్న ఆదివారం ఆడవాళ్లం తెల్ల చీరే కడతాం కాబట్టి అదేమిటో చూడగానే తెలిసిపోయింది. "ఇది బల్లకు దాచుకున్నదిగా అమ్మా" అన్నాను. "కట్టుకో తల్లీ, నీది ఉతికి ఆరేస్తాను" అన్నారు.

అక్కడ నాకు ఏడుపొచ్చింది. వెంటిలేటర్ పెడతామని సంతకం చేయించుకున్నప్పుడు కూడా ఏడవలేదు. అక్కడ గొంతెత్తి ఏడ్చాను. ఊరుకో అని ఆమె అనలేదు. నా పక్కన నేల మీద కూర్చున్నారు. ప్రార్థన చెయ్యలేకపోతున్నానమ్మా అని చెప్పాను. "నువ్వు చెయ్యకు. మేం చేస్తాంగా" అన్నారు.

ఊరికే అన్న మాట కాదు. ఆ వారం సంఘం అంతా గొలుసు ప్రార్థన పెట్టుకుంది. రాత్రిని గంటల లెక్కన ఇళ్లకు పంచుకున్నారు. ఏ గంట ఎవరిదో కాగితం మీద రాసి ఆమె నా చేతికిచ్చారు. గొంతు దగ్గర రంధ్రం చేసి గొట్టం పెట్టిన రాత్రి ఆ కాగితం పట్టుకునే కూర్చున్నాను. రెండు గంటలకు ఆటో నడిపే అన్నయ్య ఇల్లు, మూడింటికి మిర్చి యార్డులో పనికెళ్లే ఇద్దరు అక్కచెల్లెళ్లు. తెల్లారితే పనికి పోవాల్సినవాళ్లు, ముఖం కూడా చూడని మనిషి కోసం మేలుకుని ఉన్నారు. గడియారం చూసినప్పుడల్లా ఆ ఇంట్లో దీపం వెలుగుతూ ఉంటుందని తెలుసు నాకు.

దేవుని సన్నిధి అంటే మందిరంలో కళ్లు మూసుకున్నప్పుడు కలిగే నెమ్మది అనుకునేదాన్ని. ఈసారి ఆ నెమ్మది ఒక్క పూట కూడా దొరకలేదు. అయినా ఆయన నన్ను విడిచి ఉన్నాడని చెప్పలేను. వేన్నీళ్లలో ఉన్నాడు, ఆ కాగితం మీద పేర్లలో ఉన్నాడు. కపెర్నహూములో పక్షవాయువు గలవాణ్ని నలుగురు మోసుకొచ్చి ఇంటికప్పు విప్పి దించితే, యేసు వాళ్ల విశ్వాసాన్ని చూశాడని మార్కు సువార్తలో ఉంది. పరుపు మీద ఉన్నవాడికి విశ్వాసం ఉందో లేదో అక్కడ రాయలేదు. పిల్లలకు ఎన్నోసార్లు చెప్పిన కథ. మా ఆయన, నేను ఇద్దరం ఆ పరుపు మీదే ఉన్నాం.

వాళ్ల సంఘం అమెరికా మిషనరీ హేయర్ గారు 1842లో గుంటూరు వచ్చినప్పటి నుంచి పెరిగిన లూథరన్ సంఘం. మాది ఒంగోలు బాప్టిస్టు సంఘం. మీది ఏ సంఘం అని ఆమె నన్ను అడిగింది చాలా రోజుల తర్వాత, మాటల్లో మాటగా. మా నాయనమ్మ చెప్పేది, 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని మనవాళ్లకు పని, కూడు చూపించాడని. తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని కరువు నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడని. కరువు తీరాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ముందు ఆకలి, తర్వాతే మిగతా సంగతి. నాయనమ్మ మాట నాకు గుంటూరులో ఆ పెద్దమ్మగారి ఇంట్లో అర్థమైంది.

ఒక మాట మాత్రం రాయకుండా ఉండలేను. ఈ జబ్బుకు ఇచ్చే ఇమ్యునోగ్లోబులిన్ మందు మనిషి బరువును బట్టి ఇస్తారు. అరవై కిలోల మనిషికి రోజుకు ఐదు వయల్స్ (చిన్న మందు సీసాలు) చొప్పున ఐదు రోజులు. ఒక్కో వయల్ వేలల్లో ఉంటుంది. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిదని డాక్టర్లే చెబుతారు. మా దగ్గర ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు ఉంది. అప్రూవల్ రావాలన్నారు, రిపోర్టు సరిగా అప్‌లోడ్ కాలేదన్నారు, ఆదివారం చూసేవాళ్లు లేరన్నారు. అక్కడ లోపల మనిషికి గంటగంటకూ బలం పోతోంది. మొదటి రోజు మందు అప్పు చేసి కొన్నాం. అప్పు పుట్టనివాళ్ల సంగతేమిటి? ఐసీయూ బయట రోజుల తరబడి ఉండే ఆడవాళ్లకు స్నానానికి చోటు లేదు, పడుకోవడానికి చోటు లేదు, రాత్రి తుడిచేటప్పుడు లేచి నిలబడాలి. రోగులు ఎంతమంది ఉంటారో వాళ్ల కోసం వచ్చినవాళ్లూ అంతమంది ఉంటారని తెలియకుండానే ఆస్పత్రులు కడుతున్నారా? పింఛను మీద బతికే ఒక ముసలామె కట్టెలు కొని నీళ్లు కాచి ఆ లోటు తీర్చాలా? సంఘం చూసుకుంటోంది కదా అని ఎవరూ ఊరుకోకూడదు.

ఇప్పుడు మా వారు ఆనుకుని కూర్చుంటున్నారు. చెంచా పట్టుకుంటున్నారు, గొంతు బొంగురుగానే ఉన్నా మాట వస్తోంది. నడవడానికి నెలలు పట్టొచ్చన్నారు. ఆ చీర ఉతికి, గంజి పెట్టి వదినతో పంపించాను. నాకివ్వడం వల్ల ఆ ఆదివారం పెద్దమ్మగారు రంగు చీరతోనే బల్ల దగ్గరికి వెళ్లారని, ఆమెకున్న తెల్ల చీర అదొక్కటేనని సమాజంలో ఒక చెల్లెలు తర్వాత చెప్పింది. ఈ పోస్టు ఎవరైనా ఆమెకు చదివి వినిపించండి. మా వారు నడిచాక ఇద్దరం ఆ మందిరానికి వచ్చి సాక్ష్యం చెబుతాం.

అయ్యో, ఇంకా చాలామంది ఉన్నారు. అక్షరాల అట్ట తయారు చేసి, కంటిరెప్పతో మా వారితో మాట్లాడించిన నైట్ డ్యూటీ సిస్టర్, ఆయన మొదట అడిగింది పిల్లల గురించే. పక్క బెడ్ బాబు వాళ్ల అమ్మానాన్న, రంజాన్ ఉపవాసాల్లో ఉండి కూడా నా కోసం టీ తెచ్చిన వాళ్లు, మీ బాబు కోసం రోజూ అడుగుతున్నాను దేవుణ్ని. మా ఒంగోలు పాస్టరు అయ్యగారు, అమ్మగారు, వీళ్లను ఇంత కింద రాస్తున్నందుకు ఏమీ అనుకోరని తెలుసు. కువైట్ తెలుగు సహవాసం వాళ్లు పంపిన డబ్బు మూడో రోజు మందుకు సరిగ్గా అందింది. అంబులెన్స్ డ్రైవర్ తమ్ముడు గుంతలొచ్చిన ప్రతిచోటా ఆపి ఆపి నడిపాడు. ల్యాబ్ అబ్బాయిని కూడా రాయమని మా వారు ఇప్పుడే లేచి చెబుతున్నారు, సూది గుచ్చే ముందు ప్రతిసారీ "అన్నా, గుచ్చుతున్నా" అని చెప్పేవాడట. శుక్రవారం ఉపవాస ప్రార్థన జాబితాలో ఆయన పేరు ఇంకా తీసేయకండి.