వెళ్లే ముందే స్వాహిలీ

సంపాదకుల వారికి,

మన తిరుపతి, చిత్తూరు జిల్లాల నుంచి కెన్యా, టాంజానియాలకు ఉద్యోగాలకు వెళ్లేవారు వీసా నుంచి ఆవకాయ దాకా అన్నీ సర్దుకుంటారు. భాషను మాత్రం ‘అక్కడ ఇంగ్లీషు ఉందిలే’ అని వదిలేస్తారు. అది ఆఫీసు వరకే. కూరగాయల అంగట్లో, బస్సులో, ఇంటి పనివారితో అక్కడి జనం భాష స్వాహిలీయే కావాలి.

మొదట తడబడేది టైము దగ్గర. స్వాహిలీలో గంటల లెక్క తెల్లవారడంతో మొదలవుతుంది. ఉదయం 7 గంటలను ‘సా మోజా’, అంటే ఒంటిగంట అంటారు. ‘సా నానే’లో నానే అంటే 8, పగలైతే అది మధ్యాహ్నం 2. విన్న అంకెకు 6 కలపాలి, 12 దాటితే 12 తీసేయాలి. అదే మనిషి ఇంగ్లీషులో చెబితే మామూలు టైమే. అందుకే కలుసుకునే వేళను రెండు భాషల్లోనూ అడిగి ఖాయం చేసుకోవాలి.

పలకడం మనకు సులువు, మాటలు తెలుగులాగే అచ్చుతో ముగుస్తాయి. చిక్కంతా క్రియలో ఉంది. ‘చదివాను’లో మనం ‘ను’ చివర పెడతాం, వాళ్లు ‘ని’ ముందు పెడతారు: నినసోమా (చదువుతున్నాను), నిలిసోమా (చదివాను), నితసోమా (చదువుతాను). రోజుకు 5 క్రియలను ఈ మూడు రూపాల్లో పైకి చదవాలి. బహువచనమూ మాట మొదట్లోనే మారుతుంది: కితాబు (పుస్తకం), వితాబు (పుస్తకాలు).

పెద్దవారికి మామూలు పలకరింపు ‘జాంబో’ చాలదు, గౌరవంగా ‘షికమో’ అనాలి. వారు బదులుగా ‘మరహబా’ అంటారు.

తిరుపతిలో ఇన్ని విశ్వవిద్యాలయాలున్నాయి. ఒక్కటైనా సాయంత్రం పూట ఆరు వారాల స్వాహిలీ తరగతి పెట్టాలని కోరుతున్నాను.

– ఒక భాషోపాధ్యాయుడు, తిరుపతి