శాఖా గ్రంథాలయంలో సోషల్ వర్కర్‌కి ఒక కుర్చీ వేయించండి

ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను గుంటూరు జిల్లా పల్లెల్లో పనిచేసే సోషల్ వర్కర్‌ని.

మా శాఖా గ్రంథాలయాలకు పేపర్ చదివేవాళ్ళు, గ్రూప్స్‌కి ప్రిపేరయ్యే పిల్లలతో పాటు చేతిలో కాగితం పట్టుకుని వచ్చేవాళ్ళూ ఉంటారు. పింఛను ఎందుకు ఆగిందో చదివి చెప్పమని ఒక పెద్దాయన, బ్యాంకు నోటీసు చూడమని ఒక కౌలు రైతు. లైబ్రేరియన్ గారు కళ్ళజోడు పెట్టుకుని ఓపిగ్గా చదివి చెబుతారు. ఆ తర్వాత ఎవరిని కలవాలి, ఏమని అడగాలి అన్న దగ్గర ఆయనా ఆగిపోతారు. ఆ శిక్షణ ఆయనకు ఎవరూ ఇవ్వలేదు.

అందుకే వారానికి రెండు రోజులు అక్కడ సోషల్ వర్కర్ కూర్చునే ఏర్పాటు చేయమని అడుగుతున్నాను.

గ్రామ సచివాలయం ఉంది కదా అంటారు. దరఖాస్తు పెట్టుకోవడానికి ఉంది. మొగుడు కొడుతున్నాడని చెప్పుకోవాల్సిన ఆడమనిషి అక్కడ నలుగురిలో నోరు విప్పలేదు. స్టేషన్ మెట్లెక్కితే పొద్దుగూకేలోపు ఊరంతా తెలుస్తుంది. పిల్లాడికి కథల పుస్తకం కోసం లైబ్రరీకి వెళ్తే మాత్రం ఎందుకెళ్ళావని అడిగేవాళ్ళుండరు. మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయొచ్చని, హింసకు గురైన ఆడవాళ్ళకు సాయం చేసే వన్ స్టాప్ సెంటర్ జిల్లాలో ఉందని ఆమెకు అక్కడ గుట్టుగా చెప్పొచ్చు. దయచేసి బయట 'కౌన్సెలింగ్ కేంద్రం' అని బోర్డు పెట్టించకండి. బోర్డు చూస్తే ఆమె గుమ్మం తొక్కదు.

శాన్‌ఫ్రాన్సిస్కో పబ్లిక్ లైబ్రరీ 2009లోనే సోషల్ వర్కర్‌ని ఉద్యోగంలోకి తీసుకుంది. అంత దూరం ఎందుకు, 1935లో గ్రంథాలయోద్యమ నాయకులు పాటూరి నాగభూషణం గారు మన జిల్లాలోని పెదపాలెం నుంచి కాలువ మీద పడవలో ఊరూరికీ పుస్తకాలు పంపారు. జనం దగ్గరికి గ్రంథాలయమే వెళ్ళాలన్న పట్టుదల ఈ గడ్డ మీదిది.

డబ్బు సంగతికొస్తే, 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం మేం ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ పన్నూ కడుతున్నాం. పంచాయతీలు వసూలు చేసిన ఆ సొమ్మును జిల్లా గ్రంథాలయ సంస్థలకు బకాయి లేకుండా జమ చేయించండి. మనుషుల కొరతా లేదు. ఎం.ఎస్.డబ్ల్యూ. (సోషల్ వర్క్‌లో పీజీ) విద్యార్థులకు ఫీల్డ్‌వర్క్ ఎలాగూ తప్పనిసరి. అనుభవమున్న ఒకరి పర్యవేక్షణలో వాళ్ళను ఇక్కడికి పంపొచ్చు. ఈ బరువు లైబ్రేరియన్ నెత్తిన మాత్రం వేయకండి. ఖాళీగా ఉన్న లైబ్రేరియన్ పోస్టులు కూడా నింపండి.

ముందు ఒక్క జిల్లాలో ఆరు నెలలు నడిపి చూడండి. రెండు కుర్చీలు, తలుపు వేసుకునే వీలున్న ఒక గది చాలు. ఈ విద్యాసంవత్సరంలోనే ఉత్తర్వు ఇప్పించమని ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
ఒక సోషల్ వర్కర్, గుంటూరు జిల్లా