మాల్దీవుల ప్యాకేజీ గురించి అమ్మాయికి

నల్లకుంట,
హైదరాబాద్.

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేమిద్దరం క్షేమం. నువ్వు పంపిన మాల్దీవుల ప్యాకేజీ వివరాలు మీ అమ్మా నేనూ పూర్తిగా చదివాం. వేసవి సెలవుల్లో ఆరుగురం కలిసి నాలుగు రాత్రులు అక్కడ గడపాలన్న నీ ఆలోచన మాకెంతో సంతోషం కలిగించింది. అయితే తిండీ పానీయాలూ అన్నీ ముందు కట్టిన ధరలోనే వచ్చే ఆల్ ఇంక్లూజివ్ తీసుకుంటే ఇక జేబులో చెయ్యి పెట్టే పనే ఉండదని నువ్వన్న మాటను, డబ్బు కట్టే ముందు కాస్త నిదానంగా చూడాలి. అంకెలు ఫోన్‌లో చెబితే నిలవవు కనుక రాస్తున్నాను.

గోవాకో ఊటీకో వెళ్ళినప్పుడు మనం గదితో పాటు పొద్దున్న టిఫిన్ మాత్రమే ఇచ్చే సీపీ ప్లాన్ తీసుకుని, పొద్దున్న టిఫిన్ హోటల్లో కానిచ్చి, మిగతా భోజనాలు బయట చేస్తాం. మాల్దీవుల్లో ఆ పద్ధతి కుదరదు. అక్కడ సాధారణంగా ఒక్కో రిసార్టుకు ఒక్కో దీవి ఉంటుంది. గేటు దాటి వెళ్ళి ఇడ్లీ తిని రావడానికి ఊరే ఉండదు. కాఫీ దగ్గర నుంచి మంచినీళ్ళ సీసా దాకా వాళ్ళు చెప్పిన ధరకే కొనాలి. అందుచేత మూడు పూటల భోజనం ప్యాకేజీలో ఉండి తీరాలన్న నీ మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. కానీ మూడు పూటల భోజనం ఫుల్ బోర్డు ప్లాన్‌లోనే వచ్చేస్తుంది. దాని పైన ఆల్ ఇంక్లూజివ్‌కు అదనంగా తీసుకునే సొమ్ములో పెద్ద భాగం మద్యానిది. ఆ దేశంలో జనం నివసించే దీవుల్లో మద్యం అమ్మకం నిషేధం. రిసార్టులకు అనుమతి ఉన్నా, సరుకంతా దిగుమతి సుంకం కట్టి తెచ్చుకోవలసిందే. మన నలుగురు పెద్దల్లో ఎవరికీ ఆ అలవాటు లేదు.

పోనీ, మిగిలిన తినుబండారాల కోసం తీసుకుందామంటే మీ అమ్మ సంగతి నీకు తెలియనిది కాదు. మొన్న మీ చిన్నాన్న కూతురి పెళ్ళిలో అన్ని రకాలు వడ్డించినా, ఆవిడ పళ్ళెంలో గరిటెడు పులిహోర, కాస్త పెరుగన్నం, ఒక మాగాయ ముక్క తప్ప ఇంకేమీ లేవు. రాత్రిపూట రెండు పుల్కాలతో సరిపెట్టుకుంటుంది. నాకు షుగర్ ఉంది కనుక ఐస్‌క్రీములూ జ్యూసులూ ఎలాగూ ముట్టను. అందుకని రెండు ప్లాన్లకూ మధ్య తేడా ఎంతో ఏజెంటును విడిగా అడుగు. మనిషికి రోజుకు అయిదు వేల తేడా అనుకుంటే, నలుగురు పెద్దలకు నాలుగు రోజులకు ఎనభై వేలు అవుతుంది. మన కాఫీలకూ పిల్లల జ్యూసులకూ విడిగా డబ్బు కట్టినా అంత కాదని నా నమ్మకం. ఒక గదిలోని పెద్దలందరూ ఒకే ప్లాన్ తీసుకోవాలని చాలా రిసార్టులు నియమం పెడతాయి. కాబట్టి మీ గదికి ఒకటి, మా గదికి ఒకటి వేరువేరుగా ఇస్తారేమో కూడా కనుక్కో. రోజంతా ఈదుతూ గంటకోసారి ఆకలనే పెద్ద పిల్లలున్న ఇంటికీ, పార్టీలు చేసుకునే స్నేహితులకూ ఈ ప్యాకేజీ నిజంగా కలిసివస్తుంది. దాన్ని నేను తప్పుపట్టడం లేదు.

ఇక కాగితంలో ధర పక్కన ఉన్న రెండు ప్లస్ గుర్తుల సంగతి. వాటికి అర్థం సర్వీస్ చార్జీ, పన్ను విడిగా పడతాయని. పది శాతం సర్వీస్ చార్జీ వేసి, ఆ మొత్తం మీద 17 శాతం జీఎస్టీ కడితే (2025 జూలై నుంచి అక్కడి రేటు ఇదే) వంద రూపాయల బిల్లు నూట ఇరవై ఎనిమిది దాటుతుంది. ఇది కాక గ్రీన్ ట్యాక్స్ ఉంది. 2025 జనవరి నుంచి రిసార్టుల్లో తలకు రోజుకు 12 డాలర్లు. రెండేళ్ళ లోపు పిల్లలకు తప్ప మినహాయింపు లేదు కనుక, మన ఆరుగురికీ నాలుగు రాత్రులకు 288 డాలర్లు, అంటే సుమారు పాతిక వేల రూపాయలు. విమానాశ్రయం నుంచి దీవికి వెళ్ళే స్పీడ్‌బోటో నీటి మీద దిగే సీప్లేనో ధరలో కలిసి ఉందో లేదో రాతపూర్వకంగా తీసుకో. సీప్లేన్లు పగటిపూటే తిరుగుతాయి. మన విమానం సాయంత్రం దిగితే ఆ రాత్రి రాజధాని మాలేలో బస చేయవలసి వస్తుంది, ఆ ఖర్చు మనదే. మీ అమ్మ మోకాళ్ళకు, ఊగే తేలుబల్ల మీద నుంచి సీప్లేన్ ఎక్కడం కష్టం కనుక స్పీడ్‌బోటుతో చేరగలిగే దీవినే చూడు.

మే నెలలో ధర తగ్గిందని సంబరపడ్డావు. అప్పటికి అక్కడ నైరుతి రుతుపవనాలు మొదలవుతాయి కనుకనే తగ్గిస్తారు. వాన పట్టుకుంటే పడవ షికార్లు రద్దవుతాయి. ఆ డబ్బు వెనక్కి ఇస్తారేమో ముందే అడగాలి.

డబ్బు విషయంలో నాకున్న అసలు ఆందోళన వేరు. జూన్‌లో పిల్లలిద్దరి స్కూలు ఫీజులు, ప్రతి నెలా ఫ్లాటు వాయిదా ఉండగా, ఈ ప్రయాణాన్ని వడ్డీ లేదని చెప్పే నెలవారీ వాయిదాల (నో కాస్ట్ ఈఎంఐ) మీద పెట్టవద్దమ్మా. సున్నా వడ్డీ అన్నదే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే స్పష్టం చేసింది. మొత్తం ఒకేసారి కట్టేవారికి ఇచ్చే తగ్గింపు మనకు పోతుంది, ప్రాసెసింగ్ ఫీజూ దాని మీద జీఎస్టీ అదనం. ఆపదకని పక్కన పెట్టిన సొమ్మూ తియ్యకండి. విదేశీ ప్యాకేజీ మీద ఏజెంటు ముందుగానే వసూలు చేసే టీసీఎస్ అనే పన్ను, ఆదాయపు పన్ను రిటర్ను వేసినప్పుడు పన్నులో సర్దుబాటవుతుంది కనుక, అల్లుడుగారి పాన్ నంబరు మీదే కట్టించు.

మా ఇద్దరి ఖర్చు నా డిపాజిట్ నుంచి నేను పెట్టుకుంటాను, కాదనవద్దు. ఫుల్ బోర్డుకు ఒకటీ ఆల్ ఇంక్లూజివ్‌కు ఒకటీ, పన్నులూ పడవ ఖర్చూ అన్నీ కలిపిన ధరలు ఏజెంటు చేత మెయిల్‌లో తెప్పించి నాకు పంపు. ఆదివారం మీరు భోజనానికి వచ్చినప్పుడు అల్లుడుగారితో కూర్చుని తేల్చుకుందాం. మొత్తం ఎక్కువనిపిస్తే నాలుగు రాత్రులను మూడు చేద్దాం. మీ అమ్మకు సముద్రం చూపించాలన్న నీ కోరిక మాత్రం ఈ ఏడాదే తీరాలని నాకూ ఉంది.

ఆశీస్సులతో,
నాన్న