యంత్రాలను లెక్కపెట్టారు, నీళ్ల సంగతి అడగలేదు

గౌరవనీయులైన సంపాదకులకు,

డయాలసిస్ యంత్రాలు పెరిగాయని పోయిన వారం మీ జిల్లా పేజీలో వచ్చిన వార్తలో, రిబ్బను కత్తిరించిన పెద్దల పేర్లన్నీ ఉన్నాయి గాని, ఆ యంత్రాలకు వాడే నీళ్లు ఎక్కడివో, వాటిని ఎవరు పరీక్షిస్తున్నారో ఒక్క ముక్క లేదు. నా భార్య కొన్నేళ్లుగా వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకుంటున్నది కనుక ఈ లేఖ రాయక తప్పడం లేదు.

రక్తాన్ని వడగట్టేది డయలైజర్ అనే ప్లాస్టిక్ గొట్టం. అందులో వెంట్రుకల్లాంటి బోలు పోగులు వేలకొద్దీ ఉంటాయి. పోగుల లోపల రక్తం, బయట నీళ్లతో తయారుచేసిన ద్రావణం ఎదురెదురుగా పారుతుంటే, యూరియా, క్రియాటినిన్ అనే వ్యర్థాలు, ఒంట్లో ఎక్కువైన పొటాషియం ఆ సన్నని గోడల గుండా ద్రావణంలోకి దిగిపోతాయి. నాలుగు గంటల డయాలసిస్‌కు ఒక్కో రోగికి సుమారు 120 లీటర్ల నీళ్లు కావాలి. తాగే నీళ్లలోని క్లోరిన్‌ను కడుపు తట్టుకుంటుంది గాని, ద్రావణంలో అదే మిగిలిపోతే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. నీటిని తేటపరిచే పటికలోని అల్యూమినియం డయాలసిస్ రోగుల మెదడును, ఎముకలను దెబ్బతీస్తుందని 1970లలోనే విదేశాల్లో తేలింది. వీటిని నీళ్లలోంచి తీసేసే కార్బన్ ఫిల్టరు, ఆర్‌వో ప్లాంటు సరిగ్గా పనిచేయనప్పుడు ఎన్ని కొత్త యంత్రాలు తెచ్చి ఏం లాభం?

మేము వెళ్లే కేంద్రం పేరు రాయను, మళ్లీ అక్కడికే వెళ్లాలి. ఆర్‌వో గది తలుపుకు వేలాడదీసిన పట్టికలో క్లోరిన్ పరీక్ష గళ్లన్నీ నెలాఖరు దాకా ముందే, ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో నింపి ఉన్నాయి. సెలవు రోజైన ఆదివారం గడిలో కూడా టిక్కు పెట్టారు. సూదులు గుచ్చి రక్తం తిరగడం మొదలైన కాసేపటికే వరుస పడకల మీది ఇద్దరు ముగ్గురికి ఒకేసారి చలి, వణుకు వస్తే, దుప్పటి కప్పి ఇంజెక్షన్ ఇస్తారే తప్ప నీళ్లను అనుమానించే వారు లేరు. అడిగితే టెక్నీషియన్ పైవాళ్లను అడగమంటాడు, పైవాళ్లు అది కాంట్రాక్టు కంపెనీ పని అంటారు, కంపెనీ వాళ్లు ఫోను ఎత్తరు. ఏటూరునాగారం వైపు నుంచి తెల్లవారుజామున బస్సెక్కి వచ్చే ముసలివాళ్లు ఎవరిని నిలదీయగలరు?

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వల్లనే మా వంటివారికి ఈ వైద్యం అందింది, అందుకు ఎప్పటికీ కృతజ్ఞులం. కానీ ప్రారంభోత్సవం నాటి శ్రద్ధ ఆ తర్వాత నిర్వహణలో ఏ శాఖలోనూ కనిపించడం లేదు. ఊరి మంచినీళ్ల ట్యాంకును ఎప్పుడు కడిగారో దాని మీదే రాయాలని నియమం పెట్టుకుని కూడా, ఆ తేదీ మార్చే నాథుడు లేని చోట, తాళం వేసిన గదిలోని ఆర్‌వో ప్లాంటును ఎవరు పట్టించుకుంటారు?

ప్రతి షిఫ్టుకు ముందు క్లోరిన్ పరీక్ష రోగుల కళ్ల ముందే జరగాలి. నెలనెలా బ్యాక్టీరియా, ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా నుంచి వచ్చే విషం) పరీక్షలు బయటి ల్యాబులో చేయించి, ఆ నివేదికను వార్డు గోడకు అంటించాలి. జిల్లా వైద్యాధికారులు ముందుగా చెప్పకుండా వచ్చి నమూనా తీసుకోవాలి. మీ విలేకరి ఈసారి ఏ డయాలసిస్ కేంద్రానికి వెళ్లినా ఆ నీటి పరీక్ష కాగితం అడిగి, దాని తేదీతో సహా పత్రికలో వేయవలసిందిగా కోరుతున్నాను.

– ఒక డయాలసిస్ రోగి భర్త, హనుమకొండ