మకొంగై దీవి నుంచి శ్రీనుకి

ఒరేయ్ శ్రీనూ,

పది రోజులుగా ఫోన్‌కి దొరకలేదని కంగారు పడి ఉంటావు. ఇక్కడ సిగ్నల్ లేదురా. ఫిజీలో మకొంగై అనే చిన్న దీవి పక్కన లంగరు వేసి ఉన్నాం. పడవ లోపల దీపం కింద కూర్చుని రాస్తున్నాను. మళ్ళీ సిగ్నల్ తగలగానే ఈ కాగితాలు ఫొటో తీసి పంపిస్తాను.

ఆక్లండ్‌లో నాతో పనిచేసే ఆవిడా, వాళ్ళాయనా నడిపే 40 అడుగుల తెరచాప పడవ ఇది. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఇక్కడ తుపాన్ల కాలం. అందుకే న్యూజిలాండ్ పడవలు మే నెలలో ఇటు వచ్చి, మళ్ళీ తుపాన్లు మొదలయ్యేలోగా వెనక్కి వెళ్ళిపోతాయి. నేను టోంగాలోని వవావులో ఎక్కాను. అక్కణ్ణించి ఫిజీలోని సవుసవుకి సుమారు 400 నాటికల్ మైళ్ళు. మూడు రాత్రులు పట్టింది. ముగ్గురం వంతులు వేసుకున్నాం, మూడు గంటలు కాపలా, ఆరు గంటలు నిద్ర. ఆగ్నేయం గాలి వెనక నుంచి, ఎడమ భుజం మీదుగా వీస్తూనే ఉంది.

రెండో రాత్రి నా వంతులో తూర్పున చుక్కలు ఒక్కొక్కటే మాయమవడం మొదలైంది. మబ్బు అనుకునేలోపే గాలి ఎత్తుకుంది, వాన సూదుల్లా గుచ్చింది. ముగ్గురం లేచి పెద్ద తెరచాపని సగానికి దించాం. ఛాతీకి కట్టుకున్న తాడు పడవకి తగిలించి ఉంటుంది, అయినా చేతులు వణికాయి. ఇరవై నిమిషాల్లో అంతా సర్దుకుంది. తడిసిన బట్టలతోనే చుక్కాని దగ్గర కూర్చుని, మన వైపు నుంచి ఈ నీళ్ళలోకి వచ్చినవాళ్ళ గురించి ఆలోచించాను. 1879 నుంచి 1916 దాకా 60 వేల మందికి పైగా భారతీయులు చెరకు తోటల కూలికి ఫిజీ వచ్చారు. 1903 నుంచి మద్రాసు నుంచీ ఓడలు నడిచాయి, అందులో మన విశాఖపట్నం జిల్లా వాళ్ళూ ఉన్నారు. వాళ్ళకి తాడు లేదు, వెనక్కి తిరిగే దారీ లేదు.

సవుసవులో కస్టమ్స్ పనులు ముగించుకుని, నమేనా దీవి దగ్గర ఒక రాత్రి ఆగి ఇక్కడికొచ్చాం. పగడపు దిబ్బల మధ్య ఎండ నెత్తి మీదికి వచ్చాకే కదలాలి. మ్యాప్‌ని పూర్తిగా నమ్మకూడదు. నన్ను ముందు కొసన నిలబెట్టారు. ముదురు నీలం అయితే లోతు, ఆకుపచ్చ పడితే జాగ్రత్త, గోధుమరంగు కనబడితే పగడం. నేను చెయ్యి ఎటు చూపిస్తే పడవ అటు తిరుగుతుంది. సూర్యుడికి మబ్బు అడ్డం వస్తే రంగులన్నీ ఒకటైపోతాయి. అప్పుడు ఆగిపోవాలి, అంతే.

ఒడ్డుకి దిగగానే ముందు ఊరి పెద్ద దగ్గరికి వెళ్ళాలి. సేవుసేవు అంటారు దాన్ని. టోపీ తీసేసి, లుంగీలాంటి సులూ కట్టుకుని, సవుసవు మార్కెట్లో కొన్న యంగోనా అనే మొక్క వేళ్ళ అర కిలో కట్ట ఆయన ముందు పెట్టాం. ఆయన మెల్లగా వాళ్ళ భాషలో ఏదో పలికాడు, చుట్టూ ఉన్నవాళ్ళు అరచేతులు డొప్పలా పెట్టి చప్పట్లు కొట్టారు. తర్వాత కొబ్బరి చిప్పలో ఆ వేళ్ళ రసం ఇచ్చారు. మట్టి రుచి, కాసేపటికి నాలుక కొస మొద్దుబారింది. ఇక మేము వాళ్ళ మనుషులం.

ఈ దీవిలో 1911 నుంచి 1969 దాకా కుష్ఠు రోగుల ఆసుపత్రి ఉండేదిరా. పసిఫిక్‌లోని చాలా దీవుల నుంచి రోగుల్ని తెచ్చేవారు. భారతీయులకీ వేరే పేట ఉండేది. మొదట్లో చాల్‌మోగ్రా నూనె ఇంజెక్షన్లే మందు, అసలైన మాత్రలు చాలా ఏళ్ళ తర్వాత వచ్చాయి. గుట్ట మీద శ్మశానం. గడ్డిలో వరసలు వరసలుగా సమాధులు, చాలావాటి మీద అక్షరాలు చెరిగిపోయాయి. ఒకదాని మీద నాచు వేలితో గీకి చూశాను. మొదటి అక్షరం దాకా కూడా రాలేదు. చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను.

ఆ ఆవరణలోనే ఇప్పుడు మత్స్యశాఖ వాళ్ళు రాకాసి ఆల్చిప్పల్ని పెంచుతున్నారు. ఫిజీలో అంతరించిపోయిన జాతిని ఆస్ట్రేలియా నుంచి తెచ్చి మళ్ళీ నిలబెట్టారట. నీళ్ళలో మునిగి చూశాను. రెండు చిప్పల మధ్య నీలం, పచ్చ కలిసిన మఖమల్ లాంటి ఒళ్ళు. నా నీడ పడగానే గబుక్కున ముడుచుకుంది. కదలకుండా ఉన్నాను. కాస్త కాస్తగా మళ్ళీ విచ్చుకుంది.

శ్రీనూ, ఇప్పుడు అసలు సంగతి. భీమిలిలో మీ నాయనమ్మ చెప్పేది గుర్తుందా, వాళ్ళ మేనమామ ఓడెక్కి పోయాడు, మళ్ళీ రాలేదు అని? మనం రంగం, అంటే బర్మాలోని రంగూన్ అనుకున్నాం. ఫిజీ ఎందుకు కాకూడదు? ఓడెక్కిన ప్రతి ఒక్కరికీ ఒక పాసు రాశారు: పేరు, తండ్రి పేరు, ఊరు, ఎత్తు, ఒంటి మీద మచ్చ. అవి ఫిజీ రాజధాని సువాలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. నెలాఖరుకి మేము సువా చేరతాం. అమ్మని, పెద్దమ్మని కూర్చోబెట్టి అడుగు. ఆయన పేరు, వాళ్ళ నాన్న పేరు, సుమారుగా ఏ సంవత్సరమో. ఎంత తెలిస్తే అంత రాయి. నేను వెళ్ళి వెతుకుతాను.

నీ
రాంబాబు