నా పాదాలను నాకంటే ముందు చూసిన పెద్దావిడకు

పేరు రాయవద్దని ఆమె షరతు పెట్టారు కనుక పెద్దావిడ అనే అంటాను.

మొన్న ఏప్రిల్‌లో, పదకొండున్నర ఎండలో, చెన్నై తిరువళ్లిక్కేణిలో గుడి చుట్టూ మూడు ప్రదక్షిణలు చేసి స్తంభం నీడన చతికిలబడ్డాను. ఫోనులో ఇంటికి మాట్లాడటం విని తెలుగువాడినని గుర్తుపట్టారట, పక్కనున్న ఆవిడ "నాయనా, ఆ కాలు చూసుకున్నావా?" అని అడిగారు. కుడి అరికాలిలో రూపాయి బిళ్లంతేసి బొబ్బలు రెండు! నాకు నొప్పే లేదు. జనమంతా కాళ్లు కాలి గెంతుతూ నీడకు పరుగెడుతుంటే నేనొక్కడినే నింపాదిగా నడిచానట, అందుకే తన చూపు నా మీద పడిందట. నేనేమో అది నా భక్తి అనుకున్నాను.

ఆవిడ ముప్పై ఏళ్లు నర్సుగా చేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. కుళాయి దగ్గర కూర్చోబెట్టి చన్నీళ్లు పోశారు, బొబ్బలు చిదపనివ్వలేదు, ఆటోలో డాక్టరు దగ్గరికి తనే తీసుకెళ్లారు. ఆటో డబ్బులు కూడా నన్ను ఇవ్వనివ్వలేదు.

దారిలో నా గొప్ప చెప్పుకున్నాను. మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్షలో 6.8 శాతం, పదకొండేళ్లుగా మాత్ర తప్పలేదు అని. ఆ కాగితం బంధువులందరికీ చూపించినవాణ్ణి మరి. ఎర్ర రక్తకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది, దానికి ఎంత చక్కెర అంటుకుందో చెప్పే అంకె అది. పాదంలో నరం ఎలా ఉందో అది చెప్పదు. సాయంత్రాలు వేళ్లలో చీమలు పాకినట్టుంటే వయసు అనుకున్నాను. అన్నాళ్లూ షుగర్ చూపించుకోవడానికి వెళ్లిన చోట ఎవరూ చెప్పులు విప్పమనలేదు, నేనూ విప్పలేదు.

ఈ డాక్టరు గారు ముందు చెప్పులే విప్పించారు. కళ్లు మూసుకోమని, 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగుతో అరికాలిలో అక్కడక్కడా తాకించారు. "తాకినప్పుడు చెప్పండి" అన్నారు. నేను ఇంకా మొదలుపెట్టలేదనుకుని కూర్చున్నాను, ఆయన అప్పటికే ముగించారు. తర్వాత కంపనం ఎంత పెంచితే పాదానికి తెలుస్తుందో వోల్టుల్లో చూపే యంత్రం పెడితే కుడి పాదం 28 వోల్టుల దగ్గర గాని పలకలేదు. 25 దాటితే పుండు పడే ముప్పు ఎక్కువట. పొడవైన నరాలు ముందు దెబ్బతింటాయి కనుక తిమ్మిరి వేళ్ల దగ్గర మొదలై పైకి పాకుతుందని బొమ్మ గీసి చెప్పారు.

విటమిన్ బీ12 తగ్గినా నరాలు దెబ్బతింటాయని ఆ పరీక్ష కూడా రాశారు. ఇక్కడ ల్యాబులో రక్తం తీసే కుర్రవాడికి దండం పెట్టాలి. ఎలాగూ బీ12 సూదులు రాస్తారు కదా, ముందు ఒకటి వేయించుకుని రేపు వస్తానన్నాను. "వద్దు సార్, సూది పడ్డాక వచ్చే అంకెకు అర్థం ఉండదు, ఇప్పుడే ఇవ్వండి" అని మూసే వేళైనా ఆగి తీసుకున్నాడు. ఫలితం 148. 200 కంటే తగ్గితే లోటు కింద లెక్క. షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వేసుకుంటే పేగు నుంచి బీ12 ఒంటికి పట్టడం తగ్గుతుందట. పైగా నేను శాకాహారిని, పెరుగన్నమే దిక్కు. నా తిమ్మిరిలో షుగర్ వాటా ఎంత, ఈ లోటు వాటా ఎంత అంటే విడదీసి చెప్పలేమన్నారు డాక్టరు గారు. సరిదిద్దగలిగింది సరిదిద్దుదాం, మాత్ర మాత్రం సొంతంగా మానవద్దు, బీ12 ఏటా చూసుకుందాం అన్నారు.

సూదులయ్యాక పాదాల్లో మంటలు తగ్గాయి, రాత్రి నిద్ర పడుతోంది. మొద్దుబారినతనం మాత్రం అలాగే ఉంది, ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను.

పాదానికి ఎంసీఆర్ అనే మెత్తటి రబ్బరుతో చెప్పులు కుట్టిచ్చిన తమిళ అన్నకూ కృతజ్ఞతలు. పట్టీ ఒరుసుకుంటోందని రెండుసార్లు తిప్పి పంపినా విసుక్కోలేదు, మూడోసారి నాకంటే ముందు తనే వేలు పెట్టి చూసుకున్నాడు.

ఇక పెద్దావిడ. బొబ్బలు మానేవరకు రోజు విడిచి రోజు మా ఇంటికి వచ్చి కట్టు మార్చారు. మా ఆవిడ ఇచ్చిన కాఫీ తప్ప ఏమీ పుచ్చుకోలేదు. ఇప్పటికీ ఆదివారం సాయంత్రం ఫోను చేస్తారు. "అరికాలికి అద్దం పెట్టి చూశావా?" అన్నదే మొదటి మాట. గడ్డం గీసుకునే నా అద్దం ఇప్పుడు మంచం కిందే ఉంటోంది.