మంత్రిగారూ, ఒక సోమవారం మా జిరాక్స్ షాపుకు రండి

గౌరవనీయులైన రాష్ట్ర ఐటీ శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

పల్నాడు జిల్లాలో ఒక మండల కేంద్రంలో, బస్టాండు ఎదురుగా నాకో జిరాక్స్ షాపు ఉంది. పన్నెండేళ్లుగా నడుపుతున్నాను. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఒక లామినేషన్ మిషను. ఎంబీఏ చదివి జిరాక్స్ షాపేంటని నవ్వకండి, మా వైపు ఇది మామూలే. బోర్డు మీద జిరాక్స్ అని ఉన్నా నాకు తిండి పెట్టేది వేరే ఉంది. చేతిలో ఫోను ఉండి కూడా జనం సొంతంగా చేసుకోలేని పనులే నా బతుకుతెరువు. దరఖాస్తు నింపితే ముప్పై రూపాయలు, ఫొటో సైజు తగ్గించి ఎక్కిస్తే పది, ముసలివాళ్లయితే ఒక్కోసారి ఊరికే. సర్కారు యాప్ జనానికి ఎంత ఎక్కకపోతే నాకు అంత గిరాకీ. ఆ లెక్కన ఈ ఉత్తరం రాయడమంటే నా కడుపు నేను కొట్టుకోవడమే. అయినా రాస్తున్నాను. నా టేబుల్ దగ్గర కనిపించేది మీ సమీక్షా సమావేశాల్లో తెర మీద కనిపించదేమోనని అనుమానం.

మా షాపు పక్కన పొద్దున్నే ఇడ్లీ బండి పెట్టే ఒకావిడ ఉంది. చదువు రాదు, సంతకం మాత్రం పెడుతుంది. ఆవిడ బండికి డబ్బులు పడినప్పుడల్లా తెలుగులో చెప్పే స్పీకర్ డబ్బా వేలాడుతుంటుంది. చేతులకు పిండి, ఎదురుగా ఎనిమిది మంది. డబ్బా నలభై అనగానే తలెత్తకుండా పొట్లం చుట్టి ఇచ్చేస్తుంది. మొన్న అదే మనిషి కూతురి స్కాలర్‌షిప్ కోసం ఆదాయం సర్టిఫికెట్ కావాలని వచ్చి, అదే ఫోను నా టేబుల్ మీద పెట్టి “నువ్వే చెయ్యి అమ్మాయ్, నాకేం తెలుసు” అంది.

ఒకే మనిషి, ఒకే ఫోను. రోజుకు వందసార్లు డబ్బులు దిగే ఫోనులో ఒక దరఖాస్తు పెట్టడానికి ఎందుకు భయం? ఖాళీగా ఉన్నప్పుడు ఆవిడనే అడిగాను.

ముందు చిల్లర గొడవ చెప్పింది. వంద నోటు ఇస్తే చిల్లర లేదనాలి, అన్నాక మనిషి పక్క బండికి పోతాడు. పక్క బండివాడు క్యూఆర్ స్టిక్కర్ అంటించాక ఆవిడా అంటించింది. కానీ నమ్మలేదు. వారం రోజులు పోయాక కొడుకు చేత బ్యాంకుకు వెళ్లి పుస్తకం ప్రింటు వేయించింది. పడ్డ డబ్బులన్నీ పుస్తకంలో కనబడ్డాయి. అప్పుడు ధైర్యం వచ్చింది. ఆ తర్వాత గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది: “గల్లాపెట్టెలో ఉంటే సాయంత్రానికి మా ఆయన తీసుకుపోయేవాడు. ఇప్పుడు అకౌంట్లో ఉంటయ్, అకౌంటు నా పేరు మీద ఉంది.”

మంత్రిగారూ, ఈ మూడో కారణం ఏ ప్రచార పోస్టరు మీదా ఉండదు. డిజిటల్ చెల్లింపులతో దేశం ముందుకు పోతుందని ఆవిడకు ఎవరూ చెప్పలేదు, చెప్పినా వినేది కాదు. ఆవిడ లెక్క ఆవిడకు కుదిరింది.

ఎంబీఏలో చదివిన ఒక పాఠం నాకు ఇంకా గుర్తుంది. ఫ్రెడ్ డేవిస్ అనే పరిశోధకుడు 1989లోనే రాశాడు. కొత్త సాంకేతికతను మనిషి వాడేది రెండు చూసుకునట: ఇది నా పనికి పనికొస్తుందా, వాడటం తేలికేనా. రెండింటిలో మొదటిదే ఎక్కువ బలమైనదని ఆయనకు తేలింది. పరీక్ష కోసం బట్టీ పట్టాను. అర్థమైంది మాత్రం ఈ ఇడ్లీ బండి దగ్గరే. కష్టమైనా లాభముంటే నేర్చుకుంటారు. లాభం లేకపోతే ఎంత తేలికైనా ముట్టుకోరు.

ఇదే మాట యూపీఐ చరిత్రలోనూ కనిపిస్తుంది. 2016 ఏప్రిల్‌లో యూపీఐ వచ్చింది, నవంబరు 8న పెద్ద నోట్లు రద్దయ్యాయి. చేతిలో నోట్లు లేవు, ఏటీఎంల ముందు క్యూలు. జనాన్ని కొత్త పద్ధతిలోకి తోయాలంటే అంతకంటే పెద్ద తోపుడు ఉంటుందా? అయినా ఆ డిసెంబరులో దేశం మొత్తం మీద యూపీఐ చెల్లింపులు ఇరవై లక్షల దాకానే జరిగాయి. నోట్లు తిరిగి రాగానే మా ఊళ్లో అందరూ మళ్లీ నోట్లకే పోయారు. నిజంగా నిలబడింది తర్వాత. డేటా చౌకైంది, ఏ యాప్ నుంచైనా కొట్టగలిగే ఒకే స్టిక్కరు వచ్చింది, 2020 జనవరి నుంచి షాపువాళ్లకు చార్జీ లేకుండా పోయింది, ఆ పైన మాట్లాడే డబ్బా వచ్చింది. 2025 ఆగస్టులో ఒక్క నెలలో రెండు వేల కోట్ల లావాదేవీలు దాటాయి. దాన్ని అక్కడికి తెచ్చింది భయం అని నేననుకోను.

మా వైపు రైతులను చూసినా అంతే. కొత్త రకం మిరప విత్తనం వస్తే కంపెనీ మనిషి చెప్పాడని ఎవరూ మొత్తం పొలంలో వేసెయ్యరు. ముందు పక్కవాడి చేను చూస్తారు, పైయేడు అరెకరంలో వేస్తారు, బాగుంటే ఆ పైయేడు మిగతాది. అమెరికాలో అయోవా రైతులు హైబ్రిడ్ మొక్కజొన్నకు మారిన తీరు మీద 1943లో ఒక పరిశోధన వచ్చింది. 259 మంది రైతులను అడిగితే, విత్తనం సంగతి ఎక్కువమంది మొదట విన్నది అమ్మేవాళ్ల దగ్గర, ఒప్పుకున్నది మాత్రం ఇరుగుపొరుగు మాట మీద. వాళ్లూ ముందు కొంచెం వేసి చూసినవాళ్లే. ఆ అరెకరం అవకాశం సర్కారు యాప్‌లో ఉండదు, అదే చిక్కు. తప్పు నొక్కితే దరఖాస్తు పోతుంది, ఒక్కోసారి డబ్బూ పోతుంది. ఇడ్లీ బండావిడ ముందు పది రూపాయలతో యూపీఐని పరీక్షించగలిగింది. కూతురి స్కాలర్‌షిప్‌తో ఎలా పరీక్షిస్తుంది?

నాకే జరిగింది ఒకటి చెబుతాను. ఏ ఆఫీసో ఇక్కడ రాయను. రెండేళ్ల కిందట మా వీధిలో ఒక కుట్టుమిషను పనిచేసే అమ్మాయికి నేనే పట్టుబట్టి నేర్పించాను. “నా దగ్గరికి రావద్దు, నీ ఫోనులో నువ్వే చేసుకో” అన్నాను. చక్కగా అన్నీ నింపింది. ఫీజు కట్టింది, డబ్బు కట్ అయింది. తెర మీద గుండ్రంగా తిరుగుతూ తిరుగుతూ ఆగిపోయింది. దరఖాస్తు నంబరు రాలేదు. ఆఫీసుకు వెళితే నంబరు లేనిదే చూడలేమన్నారు. నంబరు ఇచ్చేది యాప్. యాప్‌లో ఫోను చెయ్యమన్న నంబరుకు చేస్తే నొక్కు, నొక్కు అంటూ ఒక టేపు. మూడు వారాల తర్వాత డబ్బు దానంతట అదే వెనక్కి వచ్చింది, అప్పటికి ఆఖరి తేదీ దాటిపోయింది. పోయింది అరవై రూపాయలో డెబ్బై రూపాయలో కాదు మంత్రిగారూ, వీధి మొత్తం పోయింది. ఆ అమ్మాయి దగ్గర జాకెట్లు కుట్టించుకునే ప్రతి మనిషికీ ఆ కథ తెలుసు. ఇప్పటికీ ఆ వీధివాళ్లు నేను నేర్పుతానంటే చేతులెత్తి దండం పెడతారు.

వాడటానికి తేలికా కాదా అని డిజైన్ చేసేవాళ్లు ఆలోచిస్తారు, మంచిదే. జనం ఆలోచించేది మరొకటి: తేడా వస్తే ఎవరి దగ్గరికి పోవాలి? యూపీఐలో తేడా వస్తే బ్యాంకు ఉంది, కనీసం పోయి అరవడానికి ఒక మేనేజరు ఉన్నాడు. 2001లో హైదరాబాద్‌లో బిల్లులన్నీ ఒకేచోట కట్టించుకునే ఈ-సేవ కేంద్రాలు పెట్టినప్పుడు అంత వేగంగా జనం అలవాటు పడటానికి కారణం కూడా ఇదేనని నాకనిపిస్తుంది. కరెంటు బిల్లుకొక చోట, ఫోను బిల్లుకొక చోట నిలబడే బాధ తప్పింది. కంప్యూటరును ముట్టుకోవాల్సిన పనే లేదు. కౌంటరు వెనక మనిషి ఉన్నాడు, రసీదు చేతికొచ్చింది. కంప్యూటరు నేర్చుకోకుండానే లక్షలమంది దాన్ని వాడారు.

పాత విషయమే ఇంకొకటి. ఉమ్మడి రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి, పింఛన్లు వేలిముద్ర స్మార్ట్‌కార్డుల ద్వారా ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు, 2010 నుంచి 2012 దాకా, కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తాంకర్ అనే ఆర్థికవేత్తలు 8 జిల్లాల్లో 157 మండలాల్లో దాన్ని పరిశీలించారు. కూలి తీసుకోవడానికి పట్టే సమయం సగటున 22 నిమిషాలు తగ్గింది, డబ్బు కొన్ని రోజులు ముందే చేతికొచ్చింది, మధ్యలో తినేది తగ్గింది. కార్డు వాడినవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా పాత పద్ధతికంటే ఇదే బాగుందన్నారు. నాకు ముఖ్యమనిపించిన సంగతి ఏంటంటే, కార్డు లేనివాళ్లకు కూలి ఆపలేదు. రెండేళ్లకు కూడా దాదాపు సగం చెల్లింపులే కార్డు మీదికి వచ్చాయి, అయినా తొందరపడి పాత దారి మూసెయ్యలేదు. దీన్ని వైఫల్యం అనేవాళ్లుంటారు. ఆ సగమే గట్టి సగం అంటాను నేను.

దీని పక్కన ఉపాధి పనుల హాజరు యాప్ పెట్టి చూడండి. అది కేంద్రం పని, మీది కాదు, తెలుసు. 2023 జనవరి నుంచి పనిచోట రోజుకు రెండుసార్లు ఫొటో తప్పనిసరి చేశారు. కూలీకి దానివల్ల ఒరిగేదేమీ లేదు. ఎండలో రెండోసారి ఫొటో కోసం కాచుక్కూర్చోవడమే మిగిలింది. చివరికి ఫొటోకు ఫొటో తీసి ఎక్కిస్తున్నారని 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు రాయాల్సి వచ్చింది. తప్పనిసరి చేస్తే వాడకం పెరిగినట్టు లెక్కల్లో కనిపిస్తుంది, నిజమే.

ఆ లెక్కలు ఎలా తయారవుతాయో నేను దగ్గర నుంచి చూశాను. ఒకసారి ఒక శాఖ సిబ్బంది, పాపం వాళ్లకూ పైనుంచి టార్గెట్లు, సంత రోజున వచ్చి జనం ఫోన్లు తీసుకుని యాప్ ఎక్కించి, స్క్రీన్‌షాట్ తీసుకుని ఇచ్చేశారు. తర్వాతి వారం వాళ్లలో నలుగురు నా దగ్గరికొచ్చి “ఫోను నిండిపోయిందంటోంది, ఏదైనా తీసెయ్” అన్నారు. మనవడి ఫొటో తియ్యాలా, ఆ యాప్ తియ్యాలా అని అడిగాను. ఏది తీసేశానో చెప్పనక్కర్లేదు కదా.

అన్నీ తప్పులే చూపిస్తున్నానని అనుకోకండి. 2025 జనవరి 30న సర్కారు సేవలను ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్‌లో పెట్టడం నాకు నచ్చింది. ఇంకో యాప్ ఎక్కించక్కర్లేదు, కొత్తగా నేర్చుకునేది తక్కువ. నూట అరవై ఒక్క సేవలతో మొదలుపెట్టారు. మన మిత్రలో వచ్చినవాటిలో ఒకే ఒక్కటి నా షాపులో తుఫానులా కనిపించింది, ఇంటర్ హాల్‌టికెట్లు. ఆ ఫిబ్రవరిలో పిల్లలు వాళ్లే దించుకుని, నా దగ్గరికి ప్రింటుకు మాత్రమే వచ్చారు. ఎందుకంత ఊపు? ఫీజు బాకీ ఉందని హాల్‌టికెట్ ఆపే కాలేజీల బెడద ఎంతటిదో మీకు తెలుసు. ఎవరినీ బతిమాలకుండా తన కాగితం తన చేతికొస్తుంది. ఇడ్లీ బండావిడ గల్లాపెట్టె కథకూ దీనికీ పోలిక మీకు కనిపిస్తుందనుకుంటాను. మిగతా సేవలు పెట్టేటప్పుడు ఒక్క ప్రశ్న అడిగించండి: దీనివల్ల ఈ మనిషి ఎవరి ముందు చేతులు కట్టుకుని నిలబడటం తప్పుతుంది?

ఇక చిన్న చిన్న బాధలు. ఓటీపీ కొడుకు నంబరుకు పోతుంది, కొడుకు హైదరాబాద్‌లో డ్యూటీలో ఉంటాడు. తండ్రి నా ముందు స్టూలు మీద. “వాడు ఎత్తట్లేదమ్మాయ్, ఇంకోసారి పంపించు.” ఇలాంటివాళ్లు రోజుకు అయిదారుగురు. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకులు మెసేజ్‌లు పెడుతూనే ఉంటాయి. నా షాపులో పదిమంది ముందు గట్టిగా చదివి చెబుతారు, ఎందుకంటే చెప్పకపోతే పని కాదు. అలా చెప్పడం మనమే అలవాటు చేశాం. ఇవాళ నాకు చెప్పినవాళ్లు రేపు ఫోనులో ఎవడడిగినా చెబుతారని నాకు టెన్షన్‌గా ఉంటుంది.

తెలుగు మాట సరే సరి. ఒక పేజీలో తప్పు నింపితే ‘చెల్లుబాటు అయ్యే విలువను నమోదు చేయండి’ అని ఎర్రగా వచ్చింది. ఒక పెద్దాయన అది కూడబలుక్కుని చదివి, “ఎంత కట్టమంటోందమ్మా?” అని జేబులోంచి డబ్బులు తీశాడు. పుట్టిన తేదీ తప్పు కొట్టాడంతే. ‘పుట్టిన తేదీ సరిచూసుకోండి’ అని రాయడానికి ఏమైంది? మీ దగ్గర మంచి తెలుగు వచ్చినవాళ్లు లేరని అనుకోను, వాళ్లను ఎవరూ అడగలేదేమో.

నా విన్నపం పెద్దదేమీ కాదు. ఎంతమంది దించుకున్నారన్న లెక్క పక్కన ఇంకో లెక్క రాయించండి: మొదటిసారి వాడినవాళ్లలో రెండోసారి ఎవరి సాయం లేకుండా తమ ఫోనులో తామే చేసుకున్నవాళ్లు ఎందరు? డబ్బు కట్టి నంబరు రానివాళ్ల కోసం, టేపు కాకుండా, మాట్లాడే మనిషిని పెట్టండి, మండలానికి ఒక్కరైనా చాలు. కౌంటర్లు ఇప్పుడే మూయకండి. కొత్త యాప్ వదిలే ముందు దాన్ని తయారుచేసిన పిల్లలను నాలాంటి షాపులకు పంపి ఒక పూట కూర్చోబెట్టండి. నోరు మెదపకూడదు, ఊరికే చూడాలి, అదొక్కటే షరతు.

వాళ్లకంటే ముందు మీరే వస్తే ఇంకా సంతోషం. సోమవారం రండి, ఆ రోజు అర్జీలు పెట్టుకునే రోజు కాబట్టి తొమ్మిదిన్నరకే రద్దీ మొదలవుతుంది. కాన్వాయ్ లేకుండా వస్తే బావుంటుంది, బస్టాండు సందు ఇరుకు. షాపులో నాది తీసేస్తే ఒకే స్టూలు ఉంది, దాని మీద ఎవరో ఒక పెద్దాయన ఉంటాడు. మీకు పక్కన ఇడ్లీ బండి దగ్గర బల్ల అడిగి తెస్తాను.

ఇట్లు,
బస్టాండు ఎదురు జిరాక్స్ షాపు అమ్మాయి
పల్నాడు జిల్లా